లిస్టులోంచి తీసేసిన పేరు

"మీ కోసం కూర్చున్న ఈ సేపట్లో నేను మూడు వాయల రొట్టెలు మాడ్చేసి ఉండేదాన్ని, డాక్టరుగారూ!"

డాక్టర్ గెథిన్‌తో లౌరి అన్న మొట్టమొదటి మాట అది. అతను ఊరికి కొత్త. అపాయింట్‌మెంట్లు ఆలస్యమై ముఖం పాలిపోయి ఉన్నాడు.

"నేను రొట్టెని కాదు కదా. ఆలస్యమైనా మాడను," అన్నాడు.

"మీరు మాడరు. బయట కూర్చున్నవాళ్ళు మాడుతున్నారు."

పక్కనున్న వాళ్ళమ్మ మెయిర్వెన్ కూతురి మోచెయ్యి గిల్లింది. "దాని మాటలు పట్టించుకోకు నాయనా. నోరొక్కటే అంత. మనసు వెన్న."

"నా మనసు తర్వాత చూద్దువుగాని. ముందు ఆయన్ని నీ బీపీ చూడనీ," అంది లౌరి.

గెథిన్ నవ్వాడు. ఆ నవ్వుతోనే మొదలైంది అంతా.

ఆ గదిలో నేను లేను. ఇదంతా తర్వాత లౌరి చెప్పిందే. నా పేరు రియన్. వేల్స్‌లో అంబుడ్స్‌మన్ ఆఫీసులో పని. ఫ్యామిలీ డాక్టర్ల మీద జనం చేసే ఫిర్యాదులు నా టేబుల్ మీదికి వస్తాయి. మందు తప్పు రాసినవాళ్ళని చూశాను, పోయిన రిపోర్టులు చూశాను. ప్రేమ పుణ్యమా అని వచ్చిన ఫిర్యాదు మాత్రం ఇదొక్కటే. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

వాళ్ళది స్లేటు గనులు మూతపడ్డాక మిగిలిన ఊరు. ఒక బేకరీ, ఒక ప్రార్థన మందిరం, ఒక డాక్టరు. బేకరీ లౌరిది. ఆ మర్నాటి నుంచి డాక్టరు రోజూ బేకరీకి రావడం మొదలుపెట్టాడు.

"ఒక్క మనిషికి రోజూ ఇంత రొట్టె ఎందుకండీ?"

"బాతులకి వేస్తాను."

"బాతులకి షుగరొస్తే చూసేది కూడా మీరేనా?"

"వాటికి అపాయింట్‌మెంట్ అక్కర్లేదు."

ఇంకోరోజు కొట్టు ముందు చూరు కింద నిలబడ్డాడు. చేతిలో గొడుగుంది.

"గొడుగు పెట్టుకుని ఇక్కడ నిలబడ్డారేంటి?"

"వాన తగ్గాలి కదా."

"మన ఊళ్ళో వాన తగ్గేసరికి మీరు రిటైరవుతారు."

"ఫర్వాలేదు," అన్నాడు. లౌరి కొట్టు మూసేదాకా అలాగే ఉండి, ఆ గొడుగు ఆమెకిచ్చి తను తడుస్తూ వెళ్ళాడు. ఆ రాత్రి కూతురు అనవసరంగా నవ్వుకోవడం చూసి మెయిర్వెన్‌కి సంగతి అర్థమైంది. తర్వాతి బీపీ పరీక్షలో డాక్టర్నే అడిగేసింది. "పెళ్ళెప్పుడు చేసుకుంటావు నాయనా? రొట్టెలు తిని ఎన్నాళ్ళుంటావు?"

గెథిన్ చెవులు ఎర్రబడ్డాయి. మాట మార్చేశాడు.

ఆ తర్వాత అతను బేకరీకి రావడం మానేశాడు. వీధిలో ఎదురైతే తలొంచుకుని వెళ్ళిపోయాడు. కొన్నాళ్ళకి క్లినిక్ నుంచి ఒక కాగితం వచ్చింది. డాక్టరుకీ రోగికీ మధ్య సంబంధం చెడింది కాబట్టి మీ ఇంటివాళ్ళని మా లిస్టులోంచి తీసేస్తున్నాం, వేరే డాక్టర్ని చూసుకోండి అని. అంతే.

మా దగ్గర ఎవరి పేరు ఏ డాక్టరు లిస్టులో ఉంటే ఆ డాక్టరే చూడాలి. వేరే డాక్టరంటే కొండకి అవతల. రెండు బస్సులు మారాలి.

లౌరి పొగరుమోతు. వెళ్ళి అతన్ని నిలదీసి ఉంటే కథ వేరే. "నన్ను గెంటేసినవాడి గుమ్మం నేనెందుకు తొక్కాలి?" అనుకుంది. మా పద్ధతి ప్రకారం ముందు క్లినిక్‌కే ఫిర్యాదు చేసుకోవాలి, అక్కడ తేలకపోతేనే మా దగ్గరికి రావాలి. చేసింది. అంతా నిబంధనల ప్రకారమే జరిగిందనీ, కలిగిన అసౌకర్యానికి విచారిస్తున్నామనీ మేనేజరు జవాబిచ్చాడు. ఈ విచారించేవాళ్ళందర్నీ ఒక గదిలో పెట్టి తాళం వెయ్యాలని నాకెప్పట్నించో కోరిక.

అలా ఫైలు నా దగ్గరికొచ్చింది. నేను వాళ్ళింటికి వెళ్ళేసరికి మెయిర్వెన్ మంచం పట్టి ఉంది. పేగు కాన్సరు. ముదిరాక తెలిసింది. ఇక చేసేదేం లేదని ఆస్పత్రివాళ్ళు ఇంటికి పంపేశారు.

"రక్తం పడుతోందని నాకు ముందే తెలుసమ్మా," అంది ఆవిడ నాతో. "గెథిన్‌తో చెబుదామనుకున్నాను. ఇంతలో తీసేశారు. అవతలి డాక్టరుకి మన వెల్ష్ భాష రాదు. బీపీ అంటే ఇంగ్లిష్‌లో చెప్పగలను. ఇలాంటి సంగతులు ఇంగ్లిష్‌లో ఎలా చెప్పుకోను? సిగ్గు కదూ? తగ్గిపోతుందిలే అనుకున్నాను."

లౌరి గోడవైపు తిరిగి నిలబడింది.

"తప్పు నాదేనమ్మా," అంది మెయిర్వెన్. "పెళ్ళి మాటెత్తాను. కుర్రాడికి కోపమొచ్చింది. పాపం దీనికేం తెలీదు."

బయటికొచ్చాక లౌరి నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "నాకు వేరే ఏమీ వద్దు రియన్ గారూ. ఎందుకు తీసేశాడో చెప్పించండి చాలు. అమ్మ ఆ తప్పు తన మీదేసుకుని పోకూడదు."

మర్నాడే గెథిన్‌ని కలిశాను. తీసేసేముందు హెచ్చరించాలి, కారణం చెప్పాలి. రెండూ చెయ్యలేదని వెంటనే ఒప్పుకున్నాడు.

"కారణం?"

"తప్పు నాదని రాసుకోండి."

"తప్పెవరిదో నేను రాసుకుంటాను. నాకు కావల్సింది కారణం. ఆ అమ్మాయి మిమ్మల్ని తిట్టిందా?"

"రోజూ తిట్టేది," అన్నాడు. ఆ మాటకి అతని ముఖంలో వచ్చిన వెలుగు చూసి నాకు అనుమానమొచ్చింది. వెంటనే అది ఆరిపోయింది.

"లౌరి నా పేషెంటు. పేషెంటుని డాక్టరు ప్రేమించకూడదు. అందుకని ముందు లిస్టులోంచి తీసేసి, కొన్నాళ్ళు దూరంగా ఉండి, అప్పుడు అడుగుదామనుకున్నాను. ఒక ఇంట్లో ఒకర్ని తీసేస్తే అందర్నీ తీసెయ్యడం మా క్లినిక్‌లో అలవాటు. కాగితం తెచ్చిపెట్టారు, చదవకుండా సంతకం చేశాను. వాళ్ళమ్మ పేరు అందులో ఉందని మీ ఆఫీసు నుంచి ఫిర్యాదు వచ్చాకే తెలిసింది."

"తెలిశాకైనా వెళ్ళి చెప్పొచ్చుగా?"

"ఏమని చెప్పను? అప్పటికే ఆవిడ ఆస్పత్రిలో ఉంది."

మా ఆఫీసులో గొంతు పెంచకూడదు. పెంచాను. "నీ మర్యాద మండిపోనూ! ప్రేమించినవాడివి, ఒక్కసారి నోరు విప్పలేకపోయావా?"

ఒకరు చెప్పింది రెండోవాళ్ళకి చెప్పి తీరాలి, అది మా రూలు. లౌరి అది నా నోట వినడం కంటే అతని నోట వినడం మేలని, "పద, నువ్వే చెప్పు," అని లేవదీశాను.

లౌరి వంటింట్లో కూర్చున్నాం. ముందుగది తలుపు ఓరగా ఉంది. అవతల మెయిర్వెన్ నిద్రపోతోందనుకున్నాం. లౌరి నాకు టీ పోసింది. అతనికి పొయ్యలేదు.

"చెప్పండి డాక్టరుగారూ. మేం చేసిన తప్పేంటి?"

"మీరేం చెయ్యలేదు. నేను... నాకు నువ్వంటే ఇష్టం లౌరి. నా పేషెంటుగా ఉండగా ఆ మాట అనకూడదు. అందుకని..."

లౌరి చేతిలో టీపాత్ అలాగే ఉండిపోయింది.

"ఇష్టమైతే తీసేస్తారా?"

"తప్పైపోయింది."

"అమ్మనెందుకు తీసేశారు? ఆవిడంటే కూడా ఇష్టమా?"

అప్పుడు ముందుగదిలోంచి నవ్వు వినిపించింది. సన్నటి, ఊపిరందని నవ్వు.

"లౌరీ! విన్నావటే? నేనన్న మాటకి కాదట! రా నాయనా, ఇలా రా."

గెథిన్ వెళ్ళి మంచం పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాడు. మెయిర్వెన్ అతని తల నిమిరింది. ఆమెలో కోపం లేదు. ఉంటే బాగుండేదని నాకిప్పటికీ అనిపిస్తుంది. కూతుర్ని పిలిచి, ఇద్దరి చేతులూ తన గుప్పిట్లోకి తీసుకుంది.

"ఇప్పుడు నువ్వు దాని డాక్టరువి కాదుగా. ఇంకేం అడ్డం? హాయిగా ఉండండి."

తల్లి కళ్ళముందు లౌరి చెయ్యి లాక్కోలేదు. నవ్వింది కూడా. గెథిన్ మాత్రం చిన్నపిల్లాడిలా ఏడ్చేశాడు.

మెయిర్వెన్ ఆ వారంలోనే పోయింది. మనసులో ఏ బరువూ లేకుండా పోయిందని లౌరే అంది.

అంత్యక్రియలకి ఊరంతా వచ్చింది. గెథిన్ చివరి వరసలో నిలబడ్డాడు. లౌరి అతని వైపు చూడలేదు.

తర్వాత నేను బేకరీకి వెళ్ళి అడగాల్సిన ప్రశ్న అడిగాను. "ఫిర్యాదు వెనక్కి తీసుకుంటావా?"

"తీసుకోను. తప్పు జరిగిందని రాయండి."

"అతను కూడా అదే అంటున్నాడు."

"మంచిది." పిండి పిసుకుతూ ఆగింది. "ఒక్కరోజు ఇక్కడికొచ్చి, లౌరి, నువ్వు వేరే డాక్టర్ని చూసుకో, నాకు నీతో పనుంది అంటే సరిపోయేది కదండీ. నవ్వుతూ రెండు బస్సులెక్కి వెళ్ళి నేనే పేరు మార్పించుకునేదాన్ని. అమ్మ ఆయన దగ్గరే ఉండేది. మన భాషలో ఆయనతోనే చెప్పుకునేది."

తప్పు క్లినిక్‌దేనని రిపోర్టు రాశాను. ఒకరి కోసం ఇంటిల్లిపాదినీ తీసేసే అలవాటు మానుకోవాలన్నాను. డాక్టరు రాతపూర్వకంగా క్షమాపణ చెప్పాలన్నాను. అంతకుమించి మా చేతిలో ఏమీ లేదు. అతను స్వయంగా రాశాడు, విచారం అన్న మాట వాడకుండా. ఆ క్షమాపణ లౌరి చేతికిచ్చింది నేనే. నిలబడే చదివింది.

"దీనికి నేను జవాబివ్వాలా?"

"అక్కర్లేదు."

"క్షమించాలా?"

"అది మా పరిధిలోకి రాదు."

వెళ్ళబోతూ ఆగాను. అడక్కూడదని తెలుసు, అయినా అడిగాను. "ఇంకా ఇష్టమేనా నీకు?"

లౌరి కాగితం మడిచి పక్కన పెట్టింది. అద్దం మీద వాన కారుతోంది.

"ఇష్టం లేకపోతే ఈపాటికి క్షమించేసేదాన్నండీ," అంది. బల్ల తుడుచుకుని, తర్వాతి వాయకి పొయ్యి వెలిగించుకోవడానికి లోపలికి వెళ్ళింది.