నిర్వాణం గారి నల్లకోటు

ఆ ఇంట్లో అందరికంటే ముందు నిద్ర లేచేది దుఃఖం. అది అల్లుడు గారి గొంతులోంచి లేస్తుంది. ఆయన కాలేజీలో మతాల పాఠం చెబుతారు. ఆదివారం సాయంత్రాలు గ్రంథాలయం హాల్లో బౌద్ధం మీద ఉపన్యాసం ఇస్తారు. దానికి సాధన వారం పొడుగునా స్నానాల గది అద్దం ముందు జరుగుతుంది. దుఃఖం ఉంది, దానికి కారణం తృష్ణ, తృష్ణ పోతే దుఃఖం పోతుంది, పోగొట్టుకోవడానికి ఎనిమిది అంగాల మార్గం ఉంది అని ఆయన గడ్డం గీసుకుంటూ అద్దానికి నచ్చజెబుతుంటే, బయట తువ్వాలు పట్టుకుని భార్య నిలబడి ఉంటుంది. ఆమె నర్సు. ఆదివారమైనా ఎనిమిదింటికి ఆస్పత్రిలో ఉండాలి. ఆమె దుఃఖానికి కారణం తృష్ణ కాదు, లోపల గడియ పెట్టిన తలుపు.

అత్తగారు ఆయనకి నిర్వాణం అని పేరు పెట్టింది. కూతురి దగ్గర అనడమే తప్ప ఎదురుగా ఎప్పుడూ అనలేదు. ఇల్లు ఆవిడది. ముందుగదిలో కిటికీ పక్కన కూర్చుని నలభై ఏళ్లుగా రఫూ పని చేస్తోంది. చిరిగిన చోట పోగులు అల్లి, చిరుగు ఎక్కడుండేదో బట్ట గలవాళ్లే పోల్చుకోలేనట్టు చేస్తుంది. ఒక భూతద్దం, నాలుగు సన్నసూదులు, బోలెడంత ఓపిక ఆవిడ సరంజామా. పోయేదాన్ని పోనివ్వకుండా పట్టుకు వేలాడటమే రఫూ అని అల్లుడు గారు ఒకసారి బంధువుల ముందు విడమరిచి చెప్పారు. ఆ రోజు ఆయన వేసుకున్న చొక్కా కాలరు ఆవిడ బాగుచేసిందే.

గోడ మీద భర్త ఫొటోతో ఆవిడ రోజుకి నాలుగు మాటలు మాట్లాడుతుంది. దాని మీదా ఆయనకి అభిప్రాయం ఉంది. కొన్ని మతాలు ఆత్మకి చావు లేదంటాయట, కొన్ని దేవుడు పిలిచిన రోజున లేచివచ్చి తీర్పు వింటుందంటాయట. బుద్ధుడొక్కడే వెతికి చూసి, మార్పు లేని ఆత్మ అంటూ ఏదీ దొరకలేదని చెప్పాడట. కాబట్టి ఆవిడ లేనివాడితో మాట్లాడుతున్నట్టు లెక్క. "ఉన్నవాళ్లతో కూడా మాట్లాడి చూశాను లెండి, పెద్ద తేడా ఏమీ కనపడలేదు," అంది ఆవిడ సూది మీంచి తల ఎత్తకుండా.

ఆ ఆదివారం పొద్దున ఆవిడ బీరువా తెరిచింది. భర్త నల్ల ఉన్ని కోటు తగిలించే హ్యాంగరు ఒంటరిగా ఊగింది. ఆయన కోర్టులో గుమస్తా. పోయి పదకొండేళ్లయింది. ఆవిడ కింది అర చూసింది, మంచం కింద చూసింది, కూతుర్ని అడిగింది. కూతురు మొగుడి వైపు చూసింది.

అల్లుడు గారు టీ చల్లార్చుకుంటూ ఎంతో ప్రశాంతంగా చెప్పారు. గ్రంథాలయం వాళ్లు నిలువ నీడ లేనివాళ్ల కోసం పాత బట్టలు పోగుచేస్తున్నారు, నిన్న తానే ఆ కోటు తీసుకెళ్లి ఇచ్చాడు, సాయంత్రం అయిదింటికి లారీ వెళుతుంది. ఇదంతా ఆవిడ మేలు కోరే చేశాడు.

"పదకొండేళ్లుగా బీరువాలో దాచుకున్నారు అత్తయ్య గారూ. అది కోటు కాదు, తృష్ణ. వదిలితే మీకే తేలిక."

చెదలు తిన్న పుస్తకాన్ని కూడా ఎవరికీ ఎరువివ్వని మనిషి ఈ మాట అన్నాడు. అత్త సొత్తు అల్లుడు దానం అని ఊరికే అంటూ ఉంటారు గానీ, ఇంత అక్షరాలా చేసి చూపించినవాళ్లు అరుదు.

అత్తగారు కేకలు వెయ్యలేదు. వచ్చి ఆయన ఎదురుగా కూర్చుంది.

"అల్లుడు గారూ, అయిదు శీలాలని చెబుతుంటారే. అందులో రెండోది ఏది?"

ప్రశ్న అడిగితే జవాబు చెప్పడం ఆయన వృత్తి. "ఇవ్వనిది తీసుకోకూడదు," అనేశారు.

అన్నాక గానీ ఆ మాట ఆయనకి వినపడలేదు. పొయ్యి మీద పాలు పొంగాయి. కూతురు కదల్లేదు. ఆయన తేరుకుని, అది దొంగతనం గురించి చెప్పిందనీ, ఇది కరుణ అనీ, రెండింటికీ తేడా ఉందనీ మొదలుపెట్టారు. అత్తగారు చివరిదాకా విన్నది.

"మీ ఒంటి మీద కోటు ఇచ్చుంటే అది కరుణ. దీపాలు పెట్టేసరికి నాది నా హ్యాంగరుకి ఉండాలి. లేకపోతే ఈ ఇంట్లో మీ మంచం ఉండదు. ఇల్లు నాది. దాని మీద నాకింకా తృష్ణ పోలేదు."

భార్య సాయం వస్తుందేమోనని ఆయన చూశారు. ఆమె డ్యూటీ సంచీ భుజాన వేసుకుని, అమ్మ మాటే తన మాటని చెప్పి వెళ్లిపోయింది.

మధ్యాహ్నమంతా బింకంగా కూర్చుని, నాలుగున్నరకి ఉపన్యాసాలకి వేసుకునే తన నల్లకోటు తొడుక్కుని ఆయన బయలుదేరారు. హాలు వెనక గదిలో బట్టలు నడుమెత్తున పోసి ఉన్నాయి. వేరుచేస్తున్న పెద్దావిడ మూలకి చెయ్యి చూపించింది. అక్కడ నల్లకోట్లు అయిదున్నాయి. ఒక్కొక్కటీ లాగి చూశారు. లాగడంలో ఆయన కోటు ఎడమ చెయ్యి బల్ల మేకుకి తగిలి బర్రున చిరిగింది. అయిదూ ఉన్నివే, అయిదూ పాతవే. పదకొండేళ్లుగా ఆ కోటు మీద వ్యాఖ్యానాలు చేసిన మనిషి ఒక్కసారీ దాన్ని సరిగ్గా చూసి ఎరగడు. గోడ గడియారం అయిదుకి పది నిమిషాలు తక్కువ చూపిస్తుంటే, భార్యకి ఫోన్ చేసి గుర్తేమిటని అడిగారు.

ఆమె వార్డులోంచి బయటికి వచ్చి చెప్పింది. "మీ కుడి మోచెయ్యి చూసుకోండి."

"ఏమీ లేదే అక్కడ."

"కిందటేడు అక్కడ నా అరచేయంత చిరుగు ఉండేది. జేబు దగ్గర ఒకటి, వీపున ఒకటి. మీరు విప్పి కుర్చీ మీద పడేసేవారు, మర్నాటికి బాగయ్యేది. ఆ నలుపు పోగు కొట్లో దొరకదండీ. అమ్మ నాన్న కోటులోంచి లాగేది. కింది అంచు మడత విప్పి చూడండి. ఏ కోటుకి పోగులు లేవో అదే నాన్నది."

నాలుగో కోటు మడత లోపల బెత్తెడు మేర పోగులు లేవు. బట్ట జల్లెడలా వెలుగు చూపించింది. ఆయన దాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్లి తన మోచేతి పక్కన పెట్టుకున్నారు. ఎక్కడ మామగారు ముగిసి ఎక్కడ తాను మొదలయ్యాడో తేలలేదు. ఇది ఉంటే అది ఉంటుంది, ఇది లేకపోతే అది ఉండదు అని అద్దానికి వందసార్లు చెప్పిన బుద్ధుడి మాటే. అద్దం లేకుండా ఎదురుపడటం ఇదే మొదలు. ఆయనకి సిగ్గేసింది, తర్వాత ఏడుపొచ్చింది. ఎవరిది నాయనా అని పెద్దావిడ అడిగితే, మా మామగారిది అన్నారు.

ఆ సాయంత్రం ఉపన్యాసం జరగలేదు. వచ్చిన ఏడుగురూ అరగంట చూసి, పెద్దగా బాధపడకుండానే ఇళ్లకి వెళ్లారు.

ఆయన ఇంటికొచ్చి కోటు హ్యాంగరుకి తగిలించారు. గుమ్మంలో నిలబడి, "నాకు తెలియదు అత్తయ్య గారూ," అన్నారు.

"తెలియకపోవడాన్ని మీ పాఠంలో ఏమంటారు?"

"అవిద్య."

"అన్నిటికీ మొదలు అదేనని మొన్న అద్దానికి చెబుతుంటే విన్నాను." ఆవిడ భూతద్దం పక్కన పెట్టింది. "నేను పట్టుకుని కూర్చున్నానన్నారు. ఒక్క పూటలో సంచీలో కుక్కి పంపితే వదిలినట్టు కాదు. పదకొండేళ్లుగా ఆయన్ని పోగు పోగుగా వదులుతున్నాను. మీ ఒంటి మీదకే."

ఆయన కళ్లు తుడుచుకోబోతుంటే మేకుకి చిరిగిన కోటు చెయ్యి ఆవిడ కంట పడింది. విప్పమన్నట్టు చెయ్యి చాపింది. ఆయన విప్పి ఇచ్చారు, ఈసారి కుర్చీ మీద పడెయ్యలేదు.

కూతురు డ్యూటీ దిగి వచ్చేసరికి తండ్రి కోటు తల్లి ఒళ్లో ఉంది, అల్లుడి కోటు బల్ల మీద పరిచి ఉంది. ఆవిడ భూతద్దం సర్దుకుని, పాత కోటు అంచులోంచి ఒక్క పోగు తెగకుండా మెల్లగా లాగుతోంది. అల్లుడు గారు పక్కన నిలబడి లైటు పట్టుకున్నారు.

"ఇంకాస్త దగ్గరగా పట్టండి, నిర్వాణం గారూ," అంది అత్తగారు.

కూతురు ఉలిక్కిపడింది. ఆయన లైటు ఇంకాస్త దగ్గరగా జరిపారు.