బొమ్మ మూసి అడిగితే...

"నలుగుట్ల నా ఇజ్జత్ తీసినవ్ గదే!" అంటూ కురుమయ్య కూతురి చేతిలోని బొమ్మల పుస్తకాన్ని లాక్కుని గుడిసె అటకమీదికి విసిరేశాడు. ఆరేళ్ళ ఈదమ్మ బిక్కచచ్చిపోయి తల్లి కొంగు చాటుకు చేరింది. చంటివాడికి పాలిస్తున్న బిక్షమ్మ ఒక చేత్తో కూతుర్ని పొదువుకుంది.

పాలమూరు నుంచి నందికొండ డ్యాము పనికి వచ్చిన ఆ దంపతులకు అక్షరం ముక్క రాదు. కూతురికైనా రావాలని ఆ పుస్తకాన్ని దేవరకొండ అంగడిలో కొన్నది కురుమయ్యే! పిల్ల పేజీలు తిప్పుతూ గడగడా చెబుతుంటే మురిసిపోయి, ఆ సాయంత్రం తోటి కూలీలను పిలిచి మరీ చదివించాడు. ఓడ బొమ్మ రాగానే ఈదమ్మ "పుట్టి" అంది. కృష్ణలో ఆ పిల్ల చూసింది జనాన్ని దాటించే గుండ్రటి పుట్టినే మరి! కాస్త చదువు వచ్చిన మేస్త్రీ బీరన్నకు అనుమానం వచ్చింది. మరో పేజీ తీసి, బొమ్మను అరచేత్తో మూసి, "గిప్పుడు చదువు బిడ్డా" అన్నాడు. ఈదమ్మకు నోరు పెగలలేదు... అందరూ ఘొల్లున నవ్వారు!

"బొమ్మల్ని చూసి చెప్పుడు సదువా? రేపటి సంది బడి బంద్! ఇంటికాడ తమ్మున్ని పట్టుకొని కూసో, మీయమ్మ పనికొస్తది!" అని కురుమయ్య గద్దించాడు.

"పసిపొల్ల... ఇప్పుడిప్పుడే నేరుస్తాంది. జర ఓపిక పట్టయ్యా!" బిక్షమ్మ కన్నీళ్ళతో బతిమాలింది. కురుమయ్య వినిపించుకోలేదు.

మర్నాడు అతడు దూరపు గుట్టమీద రాళ్ళ పనికి వెళ్ళగానే బిక్షమ్మ పుస్తకం కిందికి దించింది. కూతుర్ని బడికి పంపింది. చంటివాణ్ణి పాతచీరతో వీపుకు కట్టుకుని, నెత్తిన సున్నం తట్టతో డ్యాము గోడ ఎక్కింది. ఎండకు వాడు ఏడుస్తుంటే చీర అంచు వాడి తలమీదికి లాగేది... అయినా రోజూ అలాగే వెళ్ళింది. భర్తకు మాత్రం చెప్పలేదు. అతడు ఇల్లు చేరేలోపు కూతురి పక్కన కూర్చుని, బొమ్మను తన చేత్తో మూసేది.

"బొమ్మను అడుగకు తల్లీ... అక్షరాన్ని అడుగు. నాకు గూడ చెప్పు."

ఆ వానాకాలంలో ఒకనాడు, తడిసిన చెక్క మెట్లమీద బిక్షమ్మ కాలు జారింది. వీపున బిడ్డ! వాడికి దెబ్బ తగలకూడదని పక్కకు ఒరిగి, తన చేతిమీద పడింది. ఎముక విరిగింది. బిడ్డకు గీత కూడా పడలేదు!

కురుమయ్య దవాఖానకు పరుగెత్తుకొచ్చాడు. "పిల్లోన్ని గాడికెందుకు తీస్కపోయినవే? పొల్ల యాడ వోయింది?"

"బడికి... నేనే పంపిన. నన్ను తిట్టు, దాన్నేమనకు..."

కబురు తెలిసి, పుస్తకం చంకన పెట్టుకునే ఏడుస్తూ వచ్చింది ఈదమ్మ. తండ్రి ఆ పుస్తకం అందుకుని ఏదో పేజీ తీశాడు. ఏనుగు బొమ్మ. అరచేత్తో దాన్ని మూశాడు.

"గిదేంది బిడ్డా?"

"ఐ... రా... వ... తం."

"అంటే?"

"నాకెరికలేదు బాపు. గట్లనే రాసున్నది!"

కురుమయ్య కళ్ళు జలజలా వర్షించాయి. కథల్లో తాను విన్న ఇంద్రుడి ఏనుగు పేరది. తెలియని మాటను కూడా చదువుతోంది తన కూతురు! భార్య కట్టు కట్టిన చేతివైపు చూడలేకపోయాడు.

"నాతోని ఒక్క మాటన్న చెప్పలేదు గదనే, బిక్షీ..."

"చెప్తే బందు పెడ్తవని..." ఆమె ఎండిన పెదవులు సన్నగా నవ్వాయి. "నాకు గూడ వచ్చిందయ్యా. ‘ఈ’ దాక. మన ఈదమ్మ పేరుల మొదటి అక్షరం దాక."

కురుమయ్య ఆమె పక్కలో నిద్రపోతున్న చంటివాణ్ణి మెల్లగా ఎత్తి భుజాన వేసుకున్నాడు. మంచం పక్కన కూతురికి చోటు చూపించాడు.

"కూసో బిడ్డా... అమ్మకు ముంగటి అక్షరం చెప్పు. తమ్మున్ని నేను పట్టుకుంట."