ఏటిమొగలో మునిగిన రెండు ఓడలు

తూర్పున సముద్రం, పడమట ఎనిమిది వేల శత్రుసేన, నడుమ ముప్పభూపతి ఏలే కడలికోట. రణభేరుల మోతకు గోడలు అదురుతుండగా, ఆ నగరంలో పన్నెండు వేలమంది రోజుకొక్క పూట గంజితో ప్రాణాలు నిలుపుకొంటున్నారు. ఆరు రోజుల ధాన్యమే మిగిలింది. బురుజెక్కి చూస్తే మాత్రం, కనుచూపు మేరలోనే మిత్రరాజు పంపిన నాలుగు ధాన్యపు ఓడలు లంగరు వేసి ఉన్నాయి. అవి లోపలికి రాలేవు. ఏరు సముద్రంలో కలిసే ఏటిమొగలో ఇసుక మేట వేసింది.

రేవునాయకుడు బేతన ఆ మేటను మూడేళ్ళుగా కొలుస్తున్నాడు. ప్రతి పున్నమి పోటుకూ సీసపు గుండు కట్టిన తాడు వదిలి చూసేవాడు. పన్నెండు మూరల లోతు పదయింది, ఎనిమిదయింది, ఇప్పుడు ఏడు. ధాన్యపు ఓడకు తొమ్మిది కావాలి. మొగ సగానికి రాతికట్ట వేసి ఏటిని ఇరుకు చేస్తే, ఆ వడికి ఇసుక తనంతట తానే కొట్టుకుపోతుందనీ, రేవుకు రెట్టింపు ఓడలు వస్తాయనీ నాలుగు విన్నపాలు పంపాడు. నాలుగింటినీ మహామంత్రి నూంకప్రెగ్గడ తొక్కిపెట్టాడు. బయట ఆగిన ఓడల నుంచి సరుకు చేరవేసే పడవలు ఆయన బావమరిదివి మరి! ఇప్పుడా పడవలన్నీ ఏటి అవతలి గట్టుదాకా వచ్చిన శత్రువుల నిప్పుబాణాలకు బూడిదయ్యాయి.

సభలో బేతన చేతులు జోడించాడు.

“దేవా! మేట మూలంగా బయటికి పోలేక మన పెద్ద ఓడలు రెండు రేవులోనే పడి ఉన్నాయి. వాటిని రాళ్ళతో నింపి, మేటకు ఇవతలే మొగకు అడ్డంగా ముంచనివ్వండి.”

నూంకప్రెగ్గడ పకపక నవ్వాడు. “చిత్తగించారా దేవా! రేవు పెంచండి, పెంచండి అని మన తల తిన్న మహానుభావుడు, ఇప్పుడు రేవునే మూస్తాడట! శత్రువు ఏమిస్తానన్నాడు నాయకా?”

“మొగ వెడల్పు అరవై బారలు ప్రెగ్గడవారూ. ఓడ పొడవు పదిహేను. రెండూ కలిసి సగం మూస్తాయి. ఎగువ వానలకు ఏరు నిండుగా ఉంది. పోవలసింది రెండు మూరల ఇసుకే.”

“లెక్కలతో ఆకలి తీరుతుందా?”

“లెక్క వినకపోవడం వల్లనే ఈ ఆకలి పుట్టింది!”

ఆ తీరాన ఒక కట్టుబాటు ఉంది. చేజేతులా ఓడను ముంచినవాడు మళ్ళీ చుక్కాని పట్టరాదు, ఏ ఓడ మీదా కాలు పెట్టరాదు.

“నాయకా, అందులో ఒక ఓడను నీవు ఇరవై ఏళ్ళు నడిపావు,” అన్నాడు మహారాజు మెల్లగా.

“నాలుగు విన్నపాల్లో ఒక్కటి తమదాకా రానిచ్చినా, ఈ మాట అనుకోవలసిన పని ఉండేది కాదు దేవా.”

మహారాజు అనుజ్ఞ ఇచ్చాడు.

“లోతు పెరగకపోతే నీ తల కోటగుమ్మానికి వేలాడుతుంది,” అన్నాడు నూంకప్రెగ్గడ.

“పెరగకపోతే గుమ్మమే మిగలదు ప్రెగ్గడవారూ.”

బాణాలు కురుస్తుండగా బేతన తన ఓడ అడుగును తానే గొడ్డలితో పగలగొట్టి, ఈదుకుంటూ ఒడ్డు చేరాడు. రెండో ఓడనూ అలాగే ముంచాడు. మొదటినాడు లోతు ఏడు మూరలే. రెండోనాడూ ఏడే. మంత్రి బేతన తల గుచ్చడానికి కోటగుమ్మం ముందు కొయ్య పాతించాడు. మూడోనాటికి ఎనిమిది. అయిదోనాటి పోటుకు తొమ్మిదిన్నర!

కొత్త దారి తెలిసినవాడు బేతన ఒక్కడే. ఓడ ఎక్కరాదు కనుక ఒడ్డు వైపు మేట అంచున మెడలోతు నీళ్ళలో నిలబడి, “ఎడమకు! ఇంకా ఎడమకు!” అని కేకలు వేస్తూ నాలుగింటినీ లోపలికి రప్పించాడు. కోటలో పొయ్యిలు వెలిగాయి. నెల తిరక్కుండా శత్రువు గుడారాలు ఎత్తేశాడు. మంత్రిముద్ర నూంకప్రెగ్గడ వేలి నుంచి ఊడింది.

మరుసటి ఏడు రాతికట్ట లేచింది, రేవుకు ఎనభై ఓడలు వచ్చాయి. వాటి నాయకులు ఒడ్డున తాడు పట్టుకొని నిలబడ్డ బేతనను చూసి, “ఒక్కసారి పైకి రండి నాయకా, కట్టుబాటును ఎవరు చూడొచ్చారు!” అని పిలిచేవారు.

అతడు విసుగ్గా చెయ్యి ఊపేవాడు. “పన్నెండు మూరలుంది. పోండి, వెనక ఓడలు ఆగాయి.”