రేపు అంబటాల్ల

"దశరథ్, ఇప్పటికి ఎన్ని తిట్లు చదివారు?"

ఫోన్లో చీఫ్ చలపతిరావు. కొంపలు అంటుకున్నా ఆయన గొంతు పెంచడు.

"పదకొండు వేలు దాటినయి సార్."

"ఏమైనా పట్టుబడిందా?"

"మా జిల్లాల గిన్ని తీర్ల తిట్టొచ్చని తెలిసింది సార్. ఇంకేం దొరకలే."

పటాన్‌చెరులో ఒక జిరాక్స్ షాపు. దాని వెనక గదిలో, తెల్లకాగితాల కట్టల మధ్య కూర్చుని దేశ భద్రత చూసుకుంటున్నవాడు ఏజెంట్ సెవెన్టీన్, అలియాస్ దశరథ్. పుట్టింది జిన్నారం. వాళ్లక్క సంగమ్మ లెక్కలో మాత్రం ఆధార్ కార్డులకు లామినేషన్ చేసుకు బతికే పనికిమాలిన తమ్ముడు. పదిహేనేళ్లుగా ఆ మాట పడుతూనే ఉన్నాడు.

నిన్న సాయంత్రం ఐదింటికి, మ్యాచ్ ఇంకో నాలుగు ఓవర్లలో తేలిపోతుందనగా, పందెంఘర్ అనే ఆన్‌లైన్ బెట్టింగ్ సైటు చటుక్కున ఆగిపోయింది. స్క్రీన్ మీద ఒకటే ముక్క: "సాంకేతిక అంతరాయానికి చింతిస్తున్నాం." పెట్టిన పైసలన్నీ లోపల ఇరుక్కున్నాయి. చిత్రమేమిటంటే, కామెంట్ల పేజీ మాత్రం భేషుగ్గా పనిచేస్తోంది. ఇండస్ట్రియల్ బెల్టు బెల్టంతా వచ్చి అక్కడ విరుచుకుపడింది.

"మీ సర్వర్ మీద మన్నువడ."

"భాయ్, పైసా వాపస్ కరో, నై తో ఆఫీస్ జలా దేంగే."

"చింతిస్తున్నరా? మీ చింత సల్లగుండ, నా పైసలియ్యిండ్రి."

"బిడ్డ ఫీజు అండ్లున్నదిరా దొంగ నా కొడుకుల్లారా. బొల్లారంల ఫర్నేస్ మీద పని చేస్త. దొరికిండ్రంటే అండ్లనే ఏస్త."

"సైటు పడిపోలేదు, దశరథ్. పడేశారు," అన్నాడు చీఫ్. "థర్డ్ అంపైర్ పని."

థర్డ్ అంపైర్ ఎక్కడో సముద్రాల అవతల దీవిలో కూర్చున్న ముఠా నాయకుడు. అతని మొహం చూసినవాళ్లు లేరు. అతని చేతిలో మునిగినవాళ్లు మాత్రం ఊరికి పదిమంది.

"కోపమొచ్చిన కస్టమర్ అన్నీ కక్కేస్తాడు," చీఫ్ చెప్పుకుపోతున్నాడు. "ఎక్కడ పనిచేస్తాడో, ప్లాంటులో ఏ తాళం తన చేతిలో ఉందో, పైసలు రాకపోతే తన గతేమిటో. వాడు తిడుతుంటే వీళ్లు నోట్ చేసుకుంటారు. ఒకణ్ని ఏరుకుని, మా పని చేసిపెట్టు, నీ అకౌంట్ తెరుస్తాం అంటారు. నిన్న ఒకడు ఒప్పుకున్నాడు. ఆర్మీ ఆసుపత్రులకు మత్తుమందు తయారుచేసే ప్లాంటు ఒకటి ఇవాళ తగలబడబోతోంది."

"ఏ ప్లాంటు సార్?"

"చెన్నై, అంబత్తూరు. టీమంతా పొద్దున ఫ్లైట్‌కే ఇక్కడికి దిగాం. మీరు పటేల్‌గూడ వెళ్లి పందెంఘర్ కస్టమర్ కేర్ హెడ్ సత్యశ్రీని కలవండి. మన మనిషే. అంటే, మన మనిషి కూడా. డబుల్ ఏజెంట్. కోడ్ వర్డ్: 'నా పైసలెప్పుడొస్తయి?' ఆమె జవాబు: 'మీ టికెట్ నంబర్ చెప్పండి.' జామర్ పెన్ను దగ్గర పెట్టుకోండి. నొక్కితే యాభై గజాల్లో ఏ ఫోనూ పనిచేయదు. దేశం మొత్తమ్మీద మూడే ఉన్నాయి, జాగ్రత్త."

దశరథ్ వేషం మార్చాడు. నూనె మరకల యూనిఫాం, సేఫ్టీ షూ, రెండు రోజుల గడ్డం. గడ్డం మాత్రం సొంతం.

పటేల్‌గూడలో సత్యశ్రీ విల్లా ముందు అరవైమంది ఉన్నారు. కామెంట్లలో ఎవడో అడ్రస్ పెట్టాడు. కొందరి చేతుల్లో కట్టెలు, కొందరి చేతుల్లో చెప్పులు. అందరి నోటా ఒకటే కేక:

"నా పైసలెప్పుడొస్తయి?"

హెడ్డాఫీసులో ఏసీ కింద కూర్చుని ఈ కోడ్ వర్డ్ ఎంపిక చేసిన మహానుభావుడు ఎవడో గాని, వాణ్ని తీసుకొచ్చి ఈ గేటు ముందు ఓ గంట నిలబెట్టాలి.

బాల్కనీలోకి సత్యశ్రీ వచ్చింది. నల్ల కళ్లద్దాలు, తామరరంగు పట్టుచీర, చేతిలో మైకు. "మీ టికెట్ నంబర్ చెప్పండి," అంది. జవాబుగా ఒక చెప్పు ఎగిరొచ్చి ఆమె భుజం పక్కనుంచి పోయింది. "మీ టికెట్ నంబర్ చెప్పండి," అంది ఇంకోవైపు తిరిగి. గొంతు పూర్తిగా బొంగురుపోయింది.

పక్కనున్నాయన దశరథ్ జేబు వంక చూశాడు. "అన్నా, జెర పెన్నియ్యే. పోలీస్ కంప్లెయింట్ రాస్త."

కళ్లు బాల్కనీ మీదే ఉంచి పెన్ను అందించాడు దశరథ్. కోడ్ వర్డుతో పని జరగదని తేలిపోయింది. ఆమెను చూస్తే జాలేసింది కూడా.

"అమ్మా, గొంతు ఎండిపోయినట్టున్నది. జెర నీళ్లు తాగుండ్రి," అని అరిచాడు.

సత్యశ్రీ మైకు దించింది. "ఆయన్ని లోపలికి పంపండి."

లోపలికెళ్లగానే తలుపు గడియ వేసింది. "పదహారు గంటల్లో తిట్టకుండా మాట్లాడింది మీరొక్కరే. కస్టమర్ కాదని అప్పుడే తెలిసిపోయింది. ఇంకా అంబత్తూరు వెళ్లలేదేం?"

"నన్ను రమ్మనలే. గా మనిషి రాసింది ఏంది, సూపియ్యుండ్రి."

ఆమె ఫోన్ చూపించింది. ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టిన తెలుగు. పంపినవాడి పేరు జైపాల్. "రేపు అంబటాల్ల తెరుస్త. అప్పుడు ట్యాంక్ కాడ ఎవ్వరుండరు. ఒక్కలకు గూడ ఏం గావద్దు, ముందే చెప్తున్న."

"ఇదే హెడ్డాఫీసుకి పంపాను. వాళ్ల కంప్యూటర్ అంబత్తూరు అని సరిచేసింది."

దశరథ్ గోడ గడియారం వైపు చూశాడు. తొమ్మిదీ యాభై రెండు.

"ఇది ఊరు గాదు మేడం, యాళ్ల! పొద్దుగాల పనికి పోయినోళ్లు అంబలి తాగే యాళ్లను అంబటాల్ల అంటరు. పది, పదింబావు."

"అయ్యో! నేను ఇక్కడి ఫ్యాక్టరీ టౌన్‌షిప్‌లోనే పుట్టాను. కానీ మా వాళ్లది ఏలూరు. ఆ మాట ఎప్పుడూ వినలేదండీ." ఆమె కళ్లద్దాలు తీసింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి, ఏడ్చినట్టే ఉన్నాయి.

మత్తుమందు చేసే ప్లాంటు, అక్క నోట తరచూ వినే జైపాల్ పేరు, అంబలి. ఇక వెతకనక్కర్లేదు. గడ్డపోతారంలో సప్తధార ఆర్గానిక్స్. ఎండాకాలం అక్కడ పదింబావుకి గంట కొట్టి క్యాంటీన్లో జొన్న అంబలి పోస్తారు. కాచేది సంగమ్మ. క్యాంటీన్‌కి, సాల్వెంట్ ట్యాంకుకి మధ్య ముప్పై అడుగులు కూడా లేవు. మొదటి షిఫ్టులో రెండొందల పన్నెండు మంది, పైన దశరథ్‌కి ఉన్న ఒక్కగానొక్క అక్క.

గేటుకి ఫోన్ చేస్తే సెక్యూరిటీ వాళ్లు పరుగెడతారు. వాళ్లను చూసి జైపాల్ ఉన్నపళంగా వాల్వ్ తెరిచేస్తాడు. గంట మోగి ట్యాంకు దగ్గర మనుషులు కదిలేదాకా మాత్రం అతను ఆగుతాడు. దశరథ్ క్యాంటీన్ ల్యాండ్‌లైన్ కొట్టాడు.

"అక్కా, నేను దశరథ్‌ని. ఇయ్యాల అంబలి గంట కొట్టకు."

"ఏంది? తాగినవా పొద్దుగాల్నే?"

"నీ కాళ్లు మొక్కుత. నేనొచ్చేదాక కొట్టకు. ఎవ్వలకు చెప్పకు."

"ఎండల సచ్చుకుంట పని చేస్తుండ్రురా! గంట కొడితేనే కదలాలని రూలాయె. నన్ను పచ్చిగ తిడ్తరు."

"తిట్టనియ్యి. ఇరవై నిమిషాలు పడు. పదిహేనేండ్ల సంది నువ్వు నన్ను తిట్టినవా లేదా?"

"జల్దీ రా," అని ఫోన్ పెట్టేసింది సంగమ్మ.

సత్యశ్రీ ఎర్ర కారు ట్యాంకర్ లారీల మధ్య దూసుకుపోతోంది.

"ట్యాంకు కింద ఒక డబ్బా ఉంటుంది," అంది స్టీరింగ్ తిప్పుతూ. "వాల్వ్ తెరిచినట్టు చూపించే మీటరని జైపాల్‌కి చెప్పారు. నిజానికి నిప్పంటించేది అదే. థర్డ్ అంపైర్ అక్కణ్నుంచి ఫోన్ చేస్తే చాలు. నాకిందాకే తెలిసింది."

"చీఫ్‌కు చెప్పలేదా?"

"చెప్పాను. డబ్బా కోసం అంబత్తూరంతా గాలిస్తున్నారు."

దశరథ్‌కి నవ్వొచ్చే పరిస్థితి కాదు.

"నన్ను నమ్ముతున్నారా?" అడిగిందామె.

"నమ్ముడు తర్వాత. ముందు హారన్ కొట్టుండ్రి."

పదీ నలభైకి సప్తధార గేటు దగ్గర దిగాడు. ఫ్యాక్టరీ ఇన్‌స్పెక్టర్ కార్డు చూపించి లోపలికి అడుగు పెట్టాడో లేదో, గంట మోగింది. పాపం, సంగమ్మ ఇరవై నిమిషాలు అనుకుంటే ఇంకా ఎక్కువే ఆపింది. షెడ్లలోంచి జనం బిలబిలమంటూ వచ్చారు. ఒక్కొక్కడి నోరూ క్యాంటీన్ వైపే.

"ఏం సంగమ్మా, నీ సర్వర్ గూడ డౌనయిందా?"

"నిన్న పందెంఘర్, ఇయ్యాల అంబలిఘర్! మనల్ని ఎండవెట్టి సంపుతరు!"

"చింతిస్తున్నం అని బోర్డు పెట్టక్కా!"

దశరథ్ ఆ జనానికి ఎదురీది ట్యాంకు వైపు పరుగెత్తాడు. అక్కడ జైపాల్ ఒక్కడే ఉన్నాడు. ముప్పై ఏళ్లుంటాయి. చెయ్యి వాల్వ్ మీద ఉంది.

"దగ్గరికి రాకు! ఇది తెరిస్తె నా అకౌంట్ తెరుస్తమన్నరు. ప్లాంటు రెండు దినాలు బందయితది, గంతే. ఎవ్వలకేం గాదు."

"గా డబ్బా ఏంది?"

"మీటరు."

"మీటరుకు సిమ్ కార్డు దేనికిరా?"

జైపాల్ కిందికి చూశాడు. డబ్బా మీద ఎర్ర దీపం. మామూలుగా వెలుగుతున్నదల్లా టపటపా కొట్టుకోవడం మొదలెట్టింది. దీవి నుంచి కాల్ కలుస్తోంది. దశరథ్ చెయ్యి జేబులోకి పోయింది. జేబు ఖాళీ. దేశంలోని మూడు జామర్ పెన్నుల్లో ఒకటి పటేల్‌గూడలో పోలీస్ కంప్లెయింట్ రాస్తోంది.

"జైపాలూ!"

వెనక సంగమ్మ. ఒక చేతిలో అంబలి బకెట్టు, ఇంకో చేతిలో గ్లాసు. తిట్లు పడీ పడీ మొహం కందిపోయింది. "అందరొచ్చిండ్రు, నువ్వే రాకపోతివి. లేటయిందని అలిగినవా? అడుగంటకముందే తెచ్చిన. ఉల్లిగడ్డ గూడ ఉన్నది, తాగు బిడ్డా."

జైపాల్ ఆమెను చూశాడు. ఆమె వెనక ముప్పై అడుగుల దూరంలో గ్లాసులు పట్టుకుని వరుసలో నిలబడ్డ రెండొందల మందిని చూశాడు. ఒక్కలకు గూడ ఏం గావద్దని తను రాసిన మాట గుర్తొచ్చిందో ఏమో, వాల్వ్ మీది చెయ్యి జారిపోయింది. వంగి డబ్బాను ఒక్క గుంజు గుంజి, పాము మీద పడ్డట్టు విదిలించాడు. గాల్లో దాన్ని పట్టుకున్న దశరథ్‌కి కనిపించింది ఒక్కటే, అక్క చేతిలోని బకెట్టు. ముంచాడు. అంబలిలో చుయ్యిమని పొగ లేచింది. దీపం ఆరిపోయింది.

"నా అంబలిల ఏం ముంచినవురా సచ్చినోడా!" అంది సంగమ్మ.

జైపాల్ నేల మీద కూలబడి వెక్కి వెక్కి ఏడ్చాడు. సంగమ్మకు సంగతి తెలీదు. ఏడ్చేవాడి చేతిలో గ్లాసు పెట్టి తల నిమిరింది.

వెనకే లోపలికి వచ్చిన సత్యశ్రీ ఫోన్ మోగింది. దీవి నుంచి మెసేజ్: ఎందుకు కలవడం లేదు? ఆమె చకచకా జవాబు కొట్టి దశరథ్‌కి చూపించింది. "సాంకేతిక అంతరాయానికి చింతిస్తున్నాం." ఆమె ఎవరి పక్షమో దశరథ్‌కి ఇక అడగాలనిపించలేదు.

చీఫ్‌కి ఫోన్ చేశాడు. "పనైపోయింది సార్. అంబత్తూరు కాదు, అంబటాల్ల. మనిషి దొరికిండు. డబ్బా గూడ దొరికింది."

"శభాష్. పెన్ను భద్రమేనా?"

దశరథ్ ఖాళీ జేబు తడుముకుంటూ క్యాంటీన్ గోడ వైపు చూశాడు. అక్కడ కంప్లెయింట్ బుక్ వేలాడుతోంది. పావుగంటలో నలభై ఒక్క ఫిర్యాదులు పడ్డాయి. అంబలి లేటు, సంగమ్మను మార్చాలి, బకెట్ అంబలి పారబోసిండ్రు. పక్కనే రెండు రూపాయల పెన్ను, ఎవడూ ఎత్తుకుపోకుండా పురికొసతో మేకుకు కట్టి ఉంది.

ఇంత పెద్ద ఏజెన్సీలో ఆ పురికొస సంగతి ఒక్కడికీ తట్టలేదు.