రెండు అంకెలు కలిసేదాకా

సాయంత్రం ఓపీ అయిపోయింది. ఈసీజీ గదిలో స్పిరిట్ వాసన, ఫ్యాన్ కిరకిర తప్ప ఏమీ లేవు. నన్ను ఇంటికి తీసుకెళ్లడానికి వచ్చిన మా ఆయన్ని పట్టుకుని బల్ల మీద పడుకోబెట్టాను. ఈయన అన్నగారు, మా బావగారు, చిన్న వయసులోనే గుండె ఆగి పోయారు. అప్పట్నుంచీ ఈయనకి పరీక్షంటే హడల్, నాకేమో చేయించకపోతే హడల్. ఆ వారమే వచ్చిన కొత్త మెషిన్ గుండె గీతలు చూసి గుండె వయసు చెబుతుంది.

చేతులకీ కాళ్లకీ క్లిప్పులు పెట్టి, ఛాతీ మీద రబ్బరు కప్పులు అతికించి మీట నొక్కాను. నలభై ఆరేళ్ల మనిషికి ముప్పై ఎనిమిది వచ్చింది.

"చూశావా? ఊరికే కంగారుపడి చస్తావు," అన్నాడు. నా ప్రాణం లేచొచ్చింది.

కానీ మా దగ్గర ఒక పద్ధతుంది. వరసగా రెండుసార్లు ఒకే అంకె వచ్చేదాకా వైర్లు తీయకూడదు. మళ్లీ నొక్కాను. ఇరవై ఏడు.

"ఇంకోసారి నొక్కు, మళ్లీ పెళ్లికొడుకునైపోతా."

"సంబడమే!" అని నవ్వుతూ నొక్కాను.

పదకొండు.

కాగితం మీద గీతలు చూశాక నా నవ్వు ఆగిపోయింది. కొన్ని అలలు కిందికి తిరగబడి ఉన్నాయి, చిన్నపిల్లల గుండెకి ఉన్నట్టు. వైర్లు తారుమారు చేశానేమోనని ఒక్కొక్కటే తడిమి చూశాను. అన్నీ సరిగ్గానే ఉన్నాయి.

"చలేస్తోంది..." అన్నాడు. గొంతు సన్నగా ఉంది.

"ఏమండీ?"

నేను నొక్కకుండానే మెషిన్ మొదలైంది.

ఆరు.

ప్లగ్ పీకేశాను. బ్యాటరీ మీద నడుస్తూనే ఉంది. కప్పు పట్టుకుని లాగాను... చర్మం సాగింది గానీ అది ఊడలేదు. గోళ్లు విరిగేలా లాగాను. గొంతు చించుకుని అరిచాను. ఎవరూ రాలేదు. నా చేత్తో నేను పెట్టినవే... నాకే ఊడి రావడం లేదు.

రెండు...

సున్నా.

సున్నా.

అంకెలు కలిశాయి. క్లిప్పులూ కప్పులూ వాటంతటవే ఊడి టపటపా కింద పడ్డాయి.

ఊపిరి ఆడుతోంది. కళ్లు తెరిచాడు. ఆ చూపు నా మొహం మీంచి జారిపోయి లైటు దగ్గర ఆగింది.

"ఏమండీ... నేనండీ..."

చెయ్యి పట్టుకోబోతే నా చూపుడువేలిని పిడికిట్లో బిగించాడు. ఎంత లాక్కున్నా వదల్లేదు.

వెనక మెషిన్ మళ్లీ మొదలైంది. తల తిప్పి చూశాను. వైర్లన్నీ నేల మీదే పడున్నాయి, ఎవరికీ తగిలించి లేవు.

తెర మీద నలభై ఒకటి అని పడింది.

అది నా వయసు.