కళ్లు పెట్టని పటం

ఆ రోజు బడి వదిలాక నేనూ సక్కుబాయీ పుప్పాలగూడ నుంచి మాదాపూర్‌కు ఇటుకల లారీలో వెళ్లాం. ఆ వేళకు బస్సు ఉండదు. మధ్యాహ్నం ఒక జల్లు పడి, ఇంకా మబ్బు పట్టి ఉంది. దారి పొడుగునా గుట్టలు పేలుస్తున్నారు. పేలినప్పుడల్లా సక్కుబాయి ఒడిలోని ఖాళీ గోనెసంచిని గట్టిగా పట్టుకుంటోంది.

"ఇస్తడంటవా సారూ?"

"ఎందుకియ్యడమ్మా, నీ వస్తువు నీకు."

సక్కుబాయి భర్త చంద్రయ్య పటాలు గీసేవాడు. పటం అంటే పొడవాటి గుడ్డ మీద గీసిన కథ. పాడేవాళ్లు ఊరూరా దాన్ని విప్పుకుంటూ కథ చెబుతారు. గుడ్డకు చింతగింజల అంబలి, సుద్ద పూసి ఆరబెట్టి, రంగులన్నీ అయ్యాక, అన్నిటికంటే చివర దేవతకు కళ్లు పెడతారు. ఆ పని చేసేటప్పుడు చంద్రయ్య పటానికి ఎదురుగా కూర్చునేవాడు కాదు. ఎదుట అద్దం ఆనించి, తాను పక్కకు ఒదిగి, చెయ్యి చాచి చుక్క పెట్టేవాడు. తొలిచూపు మనిషి మీద పడగూడదు; పడితే ఆ మనిషి చూపు పటానికి పోతుందంటారు. అమ్మ తనను తానే చూసుకోవాలి. ఒకసారి మా ఐదో తరగతి పిల్లల్ని చూడ్డానికి తీసుకెళితే, చుక్క పెట్టే ముందు అందరినీ గోడవైపు తిప్పాడు. "మీరు గూడ తిరుగున్రి సారూ" అన్నాడు. తిరిగాను.

ఎల్లమ్మ పటం కళ్లదాకా వచ్చిందో లేదో, చంద్రయ్య చనిపోయాడు. అలా ఆగిన పటాన్ని గీసినవాడి పేరున నీళ్లలో విడుస్తారు. కళ్లు లేవు గనుక అది ఇంకా గుడ్డే. కళ్లు తెరిస్తే వేరు. కథలు పాడించుకుని, అరిగి, ముసలిదయ్యేదాకా దాన్ని ముంచకూడదు. విడవాల్సింది విడవకపోతే గీసినవాడికి నిద్ర ఉండదని వాళ్లింటి నమ్మకం.

ఆ దినాల్లోనే రామ్మోహనరావుగారు వచ్చారు. పత్రికల్లో చిత్రకళ మీద వ్యాసాలు రాస్తారాయన. ఫొటోలు తీసుకుని వెంటనే ఇచ్చేస్తానని పటం చుట్ట పట్టుకుపోయారు. ఇక రాలేదు. ఫోన్ చేస్తే మీటింగ్ అన్నారు. సక్కుబాయి రెండుసార్లు పోతే కింద కాపలావాడే పంపేశాడు. తెల్లారితే చంద్రయ్య పోయి ఏడాది.

నాకు ఓపిక ఎక్కువని ఊళ్లో పేరు. ఎక్కాలు రాని పిల్లవాడికి ఏడాదంతా అదే ఎక్కం చెబుతాను, గొంతు పెంచను. ఆ పేరు ఆ సాయంత్రం పోయింది.

రామ్మోహనరావుగారి ఆఫీసు మేడ మీద ఉంది. ఈసారి నేను వెంట ఉన్నానని కాపలావాడు వదిలాడు. కిటికీలోంచి కొత్తగా కట్టిన గుండ్రటి అద్దాల మేడ కనబడుతోంది, దాని చుట్టూ రాళ్లు, తుప్పలు. గదిలో గోడ పొడుగునా పుస్తకాలు. దేశదేశాల చిత్రకారులవి, నున్నటి కాగితం, ఒక్కొక్కటి పీటంత బరువు. మూలన పటం చుట్ట నిలబెట్టి ఉంది, దాని మీద ఎవరిదో తడి గొడుగు ఆనించి ఉంది.

సక్కుబాయి వెళ్లి గొడుగు తీసి కింద పెట్టింది. కొంగుతో చుట్టను తుడిచింది.

"కూర్చోండి మాస్టారూ" అన్నారు రామ్మోహనరావుగారు. "అమ్మా, నువ్వు కూడా. దాన్ని తాకకండి, ప్లీజ్. ఇవాళ పుస్తకం ప్రెస్సుకు వెళుతోందండి. సమకాలీన చిత్రకారుల మీద తెలుగులో ఇంత పుస్తకం ఇప్పటిదాకా రాలేదు. ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ వేయిస్తోంది. చంద్రయ్యగారికి పూర్తి అధ్యాయం ఇచ్చాను. చదవండి, మీరే సంతోషిస్తారు."

చదివాను. 'ఈ కళ్లు లేకపోవడం లోపం కాదు, ప్రశ్న. ఒక గ్రామీణ చిత్రకారుడు ఆధునికతను చూడ నిరాకరించిన క్షణం ఇది.' ఇలా నాలుగు పేజీలు.

జ్వరమొచ్చిన పిల్లవాడు పరీక్ష సగంలో లేచిపోతే, మిగిలిన తెల్లకాగితం చూసి ఆహా ఎంత గొప్ప మౌనం అని ఏ పంతులూ మార్కులు వేయడు. పిల్లవాడికి ఎలా ఉందని అడుగుతాడు. ఈయన అడగలేదు. 

"ఏం రాసిండు సారూ?" అంది సక్కుబాయి.

చెప్పాను. ఆమె ఆయన వైపు తిరిగింది.

"పాణం పోయింది సారూ ఆయనకు. గందుకు పెట్టలే."

"అది నీకు అలా అనిపిస్తుందమ్మా. విమర్శకుడు చూసే చూపు వేరు."

"మంచిగ సూడున్రి. మాది మాకిచ్చి సూడున్రి."

అప్పుడు కంప్యూటర్ ముందు కూర్చున్న కుర్రవాడు ఇబ్బందిగా కదిలాడు. గిరీష్ అతని పేరు, అనంతపురం వాడు, పుస్తకం పేజీలు కట్టేది అతనే. "సార్, కవర్ చూస్తారా? ఒక కన్ను అయిపోయింది సార్" అన్నాడు.

నాకు అర్థం కాలేదు. అర్థమయ్యాక లేచి నిలబడ్డాను.

"కంపెనీవాళ్లు ఒప్పుకోలేదండి" అన్నారు రామ్మోహనరావుగారు, చూపు తిప్పుకుంటూ. "అట్ట మీద గుడ్డి దేవత అయితే అపశకునం, కొత్త మేడ ప్రారంభోత్సవానికి అతిథులకు ఇచ్చే పుస్తకం అన్నారు. ఒరిజినల్‌ను ముట్టుకోలేదు. కంప్యూటర్‌లోనే."

"మరి చూడ నిరాకరించాడని నాలుగు పేజీలు రాశారు కదా?"

"అది లోపలండి. ఇది అట్ట."

సక్కుబాయి గిరీష్ దగ్గరకు నడిచింది. తెర మీద ఎల్లమ్మ ముఖం, ఎర్రగా, తెరనిండా. ఎడమ కన్ను తెరిచి ఉంది. కుడివైపు తెల్లటి సుద్ద. ఆ కన్ను గీసింది కాదు. తడి ఉంది. ఎర్ర జీర ఉంది.

"ఎవలిది బిడ్డా ఈ కన్ను?"

"ఆయనదేనమ్మా... మీ ఆయనది. లోపల ఆయన ఫొటో ఉంది కదా, అందులోంచి తీసి అతికించినా. బాగా కలిసిపాయె."

ఆమె అతని కుర్చీ వైపు చూసింది. 

"నువ్వు ఏడ గూసున్నవ్ అప్పుడు?"

"ఇక్కడే. ఎదురుగా."

"అద్దం పెట్టినవా?"

గిరీష్ నా వైపు చూశాడు. ఆమె వంగి, కొంగు లాగి తెర మీద కప్పింది. రామ్మోహనరావుగారు నవ్వి, ఆ కొంగును రెండు వేళ్లతో తీసేశారు. "లేవయ్యా, నేను పెడతా" అని గిరీష్‌ను లేపి, ఆ కుర్చీలో కూర్చుని మౌస్ పట్టుకున్నారు.

కిటికీ బయట ఉరిమింది. వాన మొదలైంది.

ఆ రెండు వేళ్లు చూశాక నాకు ఓపిక లేదు. ఒక ఆడమనిషి కొంగును బల్ల మీది దుమ్ముగుడ్డలా తీసి పారేసిన ఆ రెండు వేళ్లు. "ఆపండి" అన్నాను. గొంతు నాది కాదనిపించింది. ఆయన ఆపలేదు. రెండో కన్ను తెర మీద జారుతూ ముఖం వైపు వస్తోంది. కుర్చీకీ బల్లకీ మధ్య దూరి, ఆయన్ను భుజంతో నెట్టి, తెర ఆర్పే మీట కోసం తడిమాను. నా ముఖం తెరకు జానెడు దూరం.

టక్ మని మౌస్ చప్పుడు.

కరెంటు పోయింది.

ఫ్యాను ఆగింది. బల్ల కింద బ్యాటరీ పెట్టె కీచుమని రెండుసార్లు అరిచి అదీ ఆగింది. గది నిండా వాన చప్పుడు. చీకటి.

తెర మీద రెండు కళ్లు మాత్రం ఉన్నాయి.

ముఖం లేదు. వెలుగు లేదు. కళ్లు...

"గిరీష్" అన్నాను మెల్లగా. "ఆపు దీన్ని."

"ఆగిపోయింది సార్" అన్నాడు అతను. గోడ దగ్గర్నుంచి వినబడింది గొంతు. "తీగ పీకేసినా సార్. నా చేతిలోనే ఉంది."

వాసన వచ్చింది. ఉడికిన చింతగింజల అంబలి వాసన, పుల్లగా, చిక్కగా. చంద్రయ్య ఇంటి అరుగు వాసన. ఎక్కడో తడి గుడ్డను పిండినట్టు చప్పుడు.

కళ్లు మూసుకున్నాయి. నెమ్మదిగా. మళ్లీ తెరుచుకున్నాయి.

వెతుకుతున్నాయి.

"సూడకున్రి సారూ" వెనక నుంచి సక్కుబాయి గుసగుస. "మొకం తిప్పున్రి... తిప్పున్రి సారూ..."

తిప్పి ఉండాల్సింది. కాని కోపంలో ఉన్నవాడి మెడ తిరగదు. బడిలో ఎదిరించి చూసే పిల్లవాణ్ణి ఎలా చూస్తానో అలా చూశాను. ముందు నువ్వు దించు అన్నట్టు.

అవి దించలేదు.

కరెంటు వచ్చింది. ఫ్యాను తిరిగింది. తెర నల్లగా ఉంది. గిరీష్ తీగ మళ్లీ పెట్టి యంత్రం తెరిచాడు. అట్ట మీద ఎల్లమ్మ, రెండు వైపులా తెల్లటి సుద్ద. "ఎడమ కన్ను పొద్దున్నే సేవ్ చేసినా సార్" అన్నాడు, ఎవరికి చెబుతున్నాడో తెలియనట్టు. తర్వాత లోపలి పేజీ తెరిచాడు. చంద్రయ్య ఫొటో. తలపాగా, మీసం, మెడలో తువ్వాలు. కళ్లు లేవు, రెప్పలు లేవు. కళ్ల చోట చర్మం నున్నగా ఉంది.

రామ్మోహనరావుగారు గోడవైపు తిరిగి నిలబడి ఉన్నారు. సక్కుబాయి చుట్టను గోనెలో పెట్టుకుని ఆయన పక్కనుంచే నడిచింది. ఆయన తిరగలేదు.

"తీసుకెళ్లండి" అన్నారు గోడతో. "తీసుకెళ్లి... ఏం చేస్తారో చేసేయండి."

"ఏడాది నుంచి అడుగుతున్న మాట అదే" అన్నాను. అప్పటికీ నా కోపం తగ్గలేదు.

తెల్లారక ముందే వాన వెలిసింది. మా ఊరి కుంట సగం పూడ్చి ప్లాట్ల రాళ్లు పాతారు. మిగిలిన సగంలో నీళ్లున్నాయి. సక్కుబాయి ముందుగా గట్టు మీద పటం పైకొస విప్పి చూసింది. కళ్ల చోట సుద్ద, ఎప్పటిలాగే. ఆమె గట్టిగా ఊపిరి వదిలింది. "బతికినం సారూ" అంది. మోకాళ్ల లోతుకు దిగి గుడ్డను నీళ్ల మీద పరిచింది.

రంగులు కరిగాయి. ఎరుపు పోయింది, పసుపు పోయింది, నీలం పోయింది. సుద్ద పాలలా విరిగి పోయింది. వట్టి గుడ్డ మిగిలింది.

సక్కుబాయి వంగి చూసింది. చాలాసేపు చూసింది.

"ఏముందమ్మా?"

"కండ్లున్నయ్."

"చంద్రయ్యవా?"

"ఆయన కండ్లు నాకెరుక లేదా సారూ. గివి ఆయనవి గావు." తలెత్తి నా ముఖంలోకి చూసింది. ఒక అడుగు వెనక్కి వేసింది.  "సారూ... జర కండ్లు మూయున్రి."

"ఎందుకు?"

"మూయున్రి."

మూశాను.

చీకటి రాలేదు. చల్లటి నీళ్లు వచ్చాయి. నీళ్ల పైన సక్కుబాయి ముఖం, నా మీదికి వంగి, అలల్లో వణుకుతూ. ఆమె భుజం పైనుంచి గట్టు. గట్టు మీద తెల్ల పంచె, చేతిలో గొడుగు, కళ్లు మూసుకుని నిలబడ్డ నేను.

నా వెనక ఆనుకుని మరొకరు, తలపాగా, మెడలో తువ్వాలు. ముఖం నా జుట్టులో దాచుకుని ఉంది.

"ఇడువమంటరా సారూ?" నీళ్ల పైనుంచి ఆమె అడిగింది. "ఇడుస్తెనే ఆయనకు నిద్ర. ఇడువన్నా, వద్దా?"

వద్దని చెప్పడానికి నోరు తెరిచాను. గట్టు మీది నా పెదవులు కదలకపోవడం కింద నుంచి చూస్తూనే ఉన్నాను.

"ఇడువు" అంది నా గొంతు.

సక్కుబాయి చేతులు వదిలాయి.