సంతాప సభలో మూడో గడి

నీరజ ఉప్పల్‌లో అద్దెకుంటూ, నాచారంలో ప్లాస్టిక్ బకెట్లు తయారుచేసే ఫ్యాక్టరీలో హెచ్ఆర్ ఆఫీసర్‌గా పనిచేసేది. ఒకరోజు మధ్యాహ్నం టిఫిన్ డబ్బా కడుక్కుని వచ్చేసరికి యజమాని అచ్యుతరావు పిలిపించాడు.

ప్లాస్టిక్ కరిగించి బకెట్లు పోసే మిషన్‌లో కార్మికుడు సాంబయ్య నలిగి చనిపోయి అప్పటికి పదకొండు రోజులు. మిషన్ తలుపు సరిగా మూసుకోవడం లేదని అతను రెండుసార్లు రాసిచ్చాడు. ఆ రెండు కాగితాలూ నీరజే చించి పారేసింది. ఇప్పుడు అన్ని షిఫ్టుల వాళ్ళకీ కలిపి ఆన్‌లైన్‌లో సంతాప సభ పెట్టాలి. వీడియో మీటింగ్ పెడదామా, వెబినారా అని అచ్యుతరావు అడిగాడు.

మీటింగ్ అయితే అందరి ముఖాలూ కనిపిస్తాయని, ఎవరైనా మైక్ తెరిచి మాట్లాడొచ్చని నీరజ చెప్పింది. వెబినార్‌లో అయితే మనం ఒప్పుకున్నవాళ్ళే మాట్లాడతారు. మిగతావాళ్ళు వింటారు, అంతే.

"వాడి పెళ్ళాం మాట్లాడతానంటోందటగా?"

"అందుకే వెబినార్ పెడదాం సార్," అంది నీరజ.

ఆ సాయంత్రం సాంబయ్య భార్య సత్తమ్మకు ఫోన్ చేసి, చెయ్యి గుర్తు నొక్కితే మైక్ ఇస్తానని నమ్మబలికింది. రెండే మాటలు మాట్లాడతానని, మీ మేలు మరువనని సత్తమ్మ ఏడ్చింది.

మర్నాడు నాలుగింటికి సభ మొదలైంది. నీరజ మీటింగ్ గదిలో ఒక్కతే కూర్చుంది. తెర మీద రెండే గడులు, ఒకటి తనది, రెండోది యజమాని క్యాబిన్‌లో ఉన్న అచ్యుతరావుది. వినేవాళ్ళు రెండు వందల పన్నెండు మంది. సాంబయ్య మంచివాడే కానీ తాగి పనిలోకి వచ్చాడని అచ్యుతరావు తాపీగా చెబుతున్నాడు.

సత్తమ్మ చెయ్యి గుర్తు లేచింది. నీరజ దించింది. మళ్ళీ లేచింది. మళ్ళీ దించింది. ఇంకోసారి లేచేసరికి విసుగొచ్చి, సత్తమ్మను సభలోంచే తీసేసింది.

అప్పుడొచ్చింది ఆ వాసన. కాలుతున్న ప్లాస్టిక్... అందులో కలిసిపోయిన వెంట్రుకల కమురు. తెర మీద మూడో గడి తెరుచుకుంది. పేరు లేదు. అంతా నలుపు.

నీరజ ఎవరికీ అనుమతివ్వలేదు. తీసేయమని నొక్కింది. పోలేదు...

నలుపులో ఏదో కదిలింది. దవడ. సగమే ఉంది. అది మాట్లాడుతోంది... కానీ శబ్దం లేదు. ఇయర్‌ఫోన్‌లో అచ్యుతరావు గొంతు తప్ప ఇంకేమీ వినపడడం లేదు. ఆయన ఏమీ చూడనట్టే మాట్లాడుకుంటూ పోతున్నాడు.

పక్కన మెసేజులు మొదలయ్యాయి. 'ఇనవడుతుంది సాంబన్నా.' 'చెప్పు అన్నా.' తర్వాత అవీ ఆగిపోయాయి. ఒక్కరూ వెళ్ళిపోలేదు. అందరూ వింటున్నారు...

నీరజ లాప్‌టాప్ మూసేసి బయటికి పరుగెత్తింది. ఆవరణలో కార్మికులు ఫోన్లు పట్టుకుని నిలబడి ఉన్నారు. సాంబయ్య ఏం చెప్పాడని సూపర్‌వైజర్ ఉమాపతిని అడిగింది. అతను ఆమె ముఖంలోకి ఒకసారి చూసి, తల దించుకుని పక్కకు జరిగాడు. మిగతావాళ్ళూ అలాగే దారిచ్చారు.

ఉప్పల్ రింగురోడ్డు దగ్గర ఆటోలో ఉండగా సత్తమ్మ ఫోన్ చేసింది. ఆమె గొంతులో ఏడుపు లేదు.

"నన్ను తీసేసినంక గూడ ఆయన మాట ఇనవడ్డది మేడం. అంతా చెప్పిండు."

"ఏం... ఏం చెప్పిండక్కా?"



"మీ దగ్గరికి ఎప్పుడొస్తడో చెప్పిండు. అది మీకు మాత్రం చెప్పొద్దన్నడు."